వీపు మీద ఆల్బెర్టా

మొన్నటి ఎండాకాలం మా బేస్‌మెంట్‌లో బట్టలు ఆరేసే కడ్డీకి పన్నెండు తోలు జాకెట్లు వేలాడాయి. నల్లవి, చేతుల్లేనివి. మెట్లు దిగి వచ్చేవాళ్లకి మొదట అవే కనపడేవి. పన్నెండు మంది మనుషులు గోడ వైపు తిరిగి నిలబడ్డట్టుండేది. ఐదేళ్ల మా ధాత్రి వాటి కింద నుంచి పాకుతూ "స్పూకీ, మమ్మీ!" అని నవ్వేది. నాకు నవ్వు వచ్చేది కాదు.

వాటిని మోసుకొచ్చింది దక్షిణామూర్తి గారు. కాల్గరీలో తెలుగువాళ్ల మోటార్‌సైకిల్ గుంపు ఆయనే పెట్టాడు. ఈ దేశం వచ్చి ఇరవై రెండేళ్లయింది, సొంత ఇల్లుంది, సిటిజన్‌షిప్ ఉంది. మా ఆయన కిరీటికి ఉన్నది ఆఫీసులో టెస్టింగ్ పని, మార్చిలో అయిపోయే వర్క్ పర్మిట్, ఇక్కడే ఉండిపోవడానికి పెట్టుకున్న, ఎటూ కదలని పీఆర్ ఫైలు. మే నెలలో మంచు కరగ్గానే పాత బండి ఒకటి కొన్నాడు. అప్పటి నుంచి ఇద్దరూ అన్నా అంటే తమ్ముడూ.

"సరోజనమ్మా, నీ చేతి పని గురించి మా ఆవిడ మీనాక్షి రోజూ చెబుతుంది. లేడీస్ జాకెట్లు కుట్టే చేతికి ఇవో లెక్కా?" అంటూ దక్షిణామూర్తి గారు ఒక సంచీ గుమ్మరించాడు.

అందులో ఎంబ్రాయిడరీ ముక్కలున్నాయి. జాకెట్ ఒక్కింటికి మూడు. పైన వంపుగా గుంపు పేరు, గరుడ రైడర్స్. మధ్యలో రెక్కలు విప్పిన గరుత్మంతుడు. కింద, పైదానికి ఎదురు వంపుతో ఇంకో పట్టీ. దాని మీద ఆల్బెర్టా అని.

"ఊరి పేరు కాకుండా రాష్ట్రం పేరెందుకు అన్నయ్యగారూ?"

"అదే స్టైలమ్మా. పెద్ద పెద్ద క్లబ్బులోళ్లందరూ అట్టాగే వేసుకుంటారు. ఇంటర్నెట్టులో చూసి మక్కీకి మక్కీ చేయించా."

మక్కీకి మక్కీ అనగానే నాకు లోపల ఎక్కడో గీసుకున్నట్టయింది. మా సిరిసిల్లలో ఒకరి డిజైను ఇంకొకరు మక్కీకి మక్కీ దించితే పంచాయితీ అయ్యేది. పైకి మాత్రం ఏమీ అనలేదు. ఇంటర్ రెండో సంవత్సరంలో చదువు మానేసినదాన్ని, ఇరవై రెండేళ్లుగా ఇక్కడున్న మనిషికి ఏం చెబుతాను? తోలు సూది తెప్పించి, పది రోజులు కూర్చుని పన్నెండూ కుట్టాను. జూన్ చివరి ఆదివారం గుళ్లో బళ్లకి పూజ చేయించారు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, జాకెట్ల కాలర్లకి పసుపు బొట్లు పెట్టి, అందరూ వెనక్కి తిరిగి నిలబడి వీపులు కనబడేలా ఫొటో దిగారు. జాకెట్లు మళ్లీ నా దగ్గరికే వచ్చాయి, లోపలి గుడ్డ సరిగా కూర్చోలేదని.

*

జూలై మధ్యలో ఒక పొద్దున ఫోన్ వచ్చింది. జిప్పులు, అంచులు, తోలు పని చేస్తానని మా వీధి గ్రూపులో ప్రకటన పెట్టుకున్నాను కదా, దాన్ని చూశానన్నాడు ఒక తెల్లాయన. పేరు గ్లెన్. పదకొండింటికి వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. కత్తిరించిన తెల్ల గడ్డం, మెడలో తాడుకి కళ్లజోడు, శుభ్రమైన గోళ్లు. చెప్పకుండానే మెట్ల మీద బూట్లు విప్పాడు. అలాంటి మనిషి మీద గౌరవం రావాలి. నాకు అనుమానం వచ్చింది. ఇలాంటి ఇళ్లలోకి వెళ్లడం ఈయనకి అలవాటే అనుకున్నాను.

బండికి తగిలించే సంచీ ఒకటి తెచ్చాడు. జిప్పు పక్కన రెండు కుట్లు ఊడాయి, అంతే. పదో తరగతి పిల్ల కూడా ఇంట్లో వేసుకునే కుట్టు అది. దాని కోసం మనిషిని వెతుక్కుని రావడమెందుకు?

నేను మిషన్ మీద ఉండగా ఆయన కడ్డీ దగ్గరికి నడిచాడు.

"ఎన్ని ఉన్నాయి ఇవి?" ఇంగ్లీషులో, నాకు అందేలా నెమ్మదిగా అడిగాడు.

పన్నెండన్నాను. ఇంగ్లీషు తక్కువ వచ్చినవాళ్లకి ఒక జబ్బుంటుంది. అడిగినదానికంటే ఎక్కువ చెబుతాం, నాకూ వచ్చునని చూపించుకోవడానికి. ఎవరి గుంపో చెప్పాను. ప్రతి ఆదివారం కొండల దగ్గర బ్రాగ్ క్రీక్ వైపు పోతారని చెప్పాను. పెద్దాయన పేరు, ఆయన ఉండే వీధి, మా ఆయన ఆఫీసు, అన్నీ చెప్పాను.

గ్లెన్ కళ్లజోడు పెట్టుకుని, ఒక జాకెట్ మీద కింది పట్టీని బొటనవేలితో ఈ చివర నుంచి ఆ చివరకు రాశాడు. చీర కొనేముందు జరీ చూసినట్టు.

"ఇది పెట్టుకునే ముందు ఎవరినైనా అడిగారా?"

"అడిగాం. గుళ్లో పూజ కూడా చేయించాం" అన్నాను.

ఆయన నవ్వాడు. పళ్లు కనపడ్డాయి గానీ కళ్లు మారలేదు. కుట్టు బాగుందని మెచ్చుకుని, సంచీ తీసుకుని, బూట్లు తొడుక్కుని పోయాడు. తలుపు గొళ్లెం పెట్టాక కిటికీ తెర సందులోంచి చూశాను. బండి ఎక్కలేదు. రోడ్డవతల నిలబడి మా ఇంటి నంబరు ఫోన్‌లో ఎక్కించుకుంటున్నాడు.

సాయంత్రం కిరీటికి చెప్పాను. సగమే చెప్పాను. ఒకాయన వచ్చి జాకెట్లు చూశాడన్నాను, నా నోటి జారుడు మాత్రం చెప్పలేదు.

"నీకు పోస్ట్‌మ్యాన్ మీద కూడా అనుమానమే" అన్నాడు కిరీటి. "జాకెట్ బాగుంటే చూడరా?"

"సంచీకి ఏం కాలే బావా. ఊరికే తెచ్చిండు."

"అయితే నీ చేతి పని చూద్దామని వచ్చిండు. సంతోషపడు."

*

జూలై ఆఖరి ఆదివారం మాల్ పార్కింగ్‌లో పిల్లల ఆస్పత్రి కోసం బొమ్మలు పోగుచేసే మోటార్‌సైకిల్ ర్యాలీ. మా వాళ్లూ పోయారు. మా పుణ్యం బాగుండి జాకెట్ల లోపలి గుడ్డ పని ఇంకా నా దగ్గర కాలేదు, మామూలు చొక్కాలతోనే పోయారు. రెండు వందల బళ్లు ఉంటాయి. ప్రతి బండి మీదా ఒక టెడ్డీబేర్ కట్టి ఉంది. ఒక మూల, మిగతావాళ్లకి కొంచెం ఎడంగా, తోలు జాకెట్ల మనుషులు పదిహేను మంది. అందరి వీపుల మీదా మూడు ముక్కలు. కింద ఆల్బెర్టా.

వాళ్లలో గ్లెన్ ఉన్నాడు. ఎవరి పాపనో బండి మీద కూర్చోబెట్టి హారన్ కొట్టిస్తున్నాడు. ఆ క్లబ్బు పేరు నేనిక్కడ రాయను. దేశమంతా తెలిసిన పేరే.

దక్షిణామూర్తి గారు నా పక్కన నిలబడి కథ మొదలుపెట్టాడు. తెలిసిందంతా చెబితే గానీ ఆయనకి కాఫీ గొంతు దిగదు.

"రెండో ప్రపంచ యుద్ధం నుంచి వచ్చిన అమెరికా సోల్జర్లు, ఇంట్లో కుదురుకోలేక బళ్లెక్కారమ్మా. అట్టా పుట్టినయ్యి ఈ క్లబ్బులు. నూటికి తొంభైతొమ్మిది మంది బండోళ్లు బుద్ధిమంతులేనని అప్పట్లో ఎవరో అన్నారంట. ఆ మిగిలినోడు మేమేనని వీళ్లు ముక్క కుట్టించుకున్నారు. అసలు ఆ మాట ఎవరూ అనలేదని కూడా అంటారులే."

"అంటే దొంగలమని వాళ్లే చెప్పుకున్నరా?"

"అబ్బే! రౌడీలు రౌడీలు అని పేపర్లోళ్లే పెంచారు. ఇప్పుడదంతా పాతకథ. చూడు, పిల్లలకి బొమ్మలు పంచుతున్నారు."

"పంచుతుంటే ఆ కారెందుకు అన్నయ్యగారూ?"

పార్కింగ్ అవతల ఒక బూడిదరంగు కారు. అద్దం సగం దించి, పొడుగు లెన్సు పెట్టి ఎవరో ఆ మూలకే ఫొటోలు తీస్తున్నారు. వాళ్ల వీపులు, బళ్ల నంబర్లు, వాళ్ల దగ్గరికి వెళ్లి చేతులు కలిపేవాళ్ల మొహాలు.

దక్షిణామూర్తి గారు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "పేపరోళ్లయ్యుంటారు." నాకు మాత్రం పోలీసులనిపించింది.

నేను కిరీటి కోసం వెతికాను. ఆ మూలలోనే ఉన్నాడు. గ్లెన్ వాడి భుజం మీద చెయ్యి వేసి ఏదో చెబుతున్నాడు. మావాడు కొత్త పెళ్లికొడుకులా నవ్వుతున్నాడు. ఆఫీసులో ఏడాదిన్నరగా ఎవరూ వాడి భుజం మీద చెయ్యి వేయలేదు, అది నాకు తెలుసు. కారులో లెన్సు వాడి వైపే తిరిగి ఉందేమో, నాకు తెలియదు.

ఆ వారమంతా ఫోన్‌లో ఇంగ్లీషు చదివి, తెలుగులోకి మార్పించుకుని మళ్లీ చదివాను. పీఆర్ గురించి ఒక రూలు దొరికింది. నేరాలు చేసే ముఠాలో మనిషివని నమ్మడానికి కారణముంటే చాలు, ఫైలు ఆపొచ్చట. కేసు ఉండనక్కరలేదు, శిక్ష పడనక్కరలేదు. కిరీటికి చూపించాను.

"మనం ముఠానా సరోజా? పన్నెండు మందిమి పోయి కొండ కింద ఉప్మా తిని వస్తున్నం" అన్నాడు.

*

ఆగస్టు రెండో శనివారం దక్షిణామూర్తి గారి పెరట్లో అందరినీ పిలిచారు. గ్రిల్ మీద చికెన్ కాలుతోంది. ఆయన ఒక కవర్ ఎత్తి పట్టుకున్నాడు, లాటరీ తగిలినవాడిలా.

"నిన్న గ్లెన్ మనింటికొచ్చాడు. కాఫీ తాగాడు. ఆల్బెర్టా అనే పట్టీ ఇక్కడ వాళ్ల హక్కంట. ఇంకెవరూ పెట్టుకోకూడదంట. మనకేం తెలుసు? తెలీక పెట్టాం అన్నా. ఎంత మర్యాదగా చెప్పాడనుకున్నారు! తీసేయక్కర్లేదు, ఉంచుకోండి అన్నాడు. ఊరికే ఇది ఒక్కటి ఎడమ వైపు, గుండె మీద కుట్టించుకోమన్నాడు. సెప్టెంబరులో వాళ్ల క్లబ్ హౌస్‌లో విందుకి కూడా పిలిచాడు."

కవర్‌లోంచి అరచేతిలో సగం ఉన్న గుండ్రటి ముక్కలు తీశాడు. వాళ్ల రంగులు. మీద ఇంగ్లీషులో ఒక మాట, మద్దతుదారులు అని దాని అర్థం.

"అయితే మనల్ని ఒప్పుకున్నట్టే!" అన్నాడు ఒకాయన. మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. కిరీటి కూడా.

"అసలు మన సంగతి వాళ్లకెట్లా తెలిసింది?" అని ఇంకొకాయన అడిగాడు. గుడి దగ్గర ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టిందెవరు, నువ్వా నేనా అని కాసేపు నడిచింది. నేను ప్లేట్లు తుడుస్తూ తల ఎత్తలేదు.

"అన్నయ్యగారూ, అది కుట్టుకోకపోతే ఏమైతది?" అని మాత్రం అడిగాను.

గ్రిల్ మీద కొవ్వు చిటపటమంది.

"ఎందుకు కుట్టుకోమమ్మా?" అన్నాడు దక్షిణామూర్తి గారు. "స్నేహంగా ఇస్తుంటే!"

మా దగ్గర ఎలక్షన్లప్పుడు చూశాను. చౌరస్తాలో ఊరికే నిలబడినవాడి మెడలో కండువా వేసి, ఫొటో తీసి, పార్టీలో చేరాడని పేపర్లో వేసేవాళ్లు. మా చిన్నాయన అట్లాగే నవ్వుతూ కప్పించుకున్నాడు. ఆ తర్వాత ఐదేళ్లు అవతలి పార్టీవాళ్లు ఆయన మగ్గానికి నూలు అందనివ్వలేదు, ఇవతలివాళ్లు జెండా మోయమని తెల్లారకుండా తలుపు కొట్టేవాళ్లు. కండువా వేసేటప్పుడు ఎవరూ గొంతు పట్టుకోరు. మర్యాదగానే వేస్తారు.

కారులో కిరీటితో ఇదే చెప్పాను.

"బావా, మూర్తిగారికి సిటిజన్‌షిప్ ఉంది. ఆయన ఏది కుట్టుకున్నా ఇంట్లనే ఉంటడు. మనం?"

"పన్నెండు మందిల నేనొక్కణ్ణే భయపడాల్నా? ఏమనుకుంటరు?"

"ఎవరేమనుకుంటే మనకేంది? ఫైలు చూసేటోడు ఏమనుకుంటడో అది చెప్పు."

ఇంటికొచ్చాక కిరీటి ఆ పన్నెండు గుండ్రటి ముక్కలూ నా మిషన్ మీద పెట్టి, "ఆదివారం కల్లా కావాలట" అన్నాడు.

*

మంగళవారం కిరీటిని ఆఫీసుకి, ధాత్రిని సమ్మర్ క్యాంపుకి పంపి, బ్లేడు కొత్తది విప్పాను.

కుట్టడానికి పది రోజులు పట్టిన పట్టీలు విప్పడానికి నాలుగు గంటలు పట్టింది. బ్లేడు వాలిస్తే తోలు కోసుకుపోతుంది, నిలబెడితే వేలు. ఒక్కో కుట్టు తెంపి, దారం ముక్కలు దులిపి, పన్నెండు ఆల్బెర్టాలూ ఊడదీశాను. గరుత్మంతుణ్ణీ పై పేరునీ ముట్టుకోలేదు. తోలు మీద వంపుగా రెండు వరసల సూది బెజ్జాలు మిగిలాయి. గుడ్డ అయితే ఇస్త్రీ పెడితే పూడుకుంటాయి. తోలుకి అది లేదు.

గ్లెన్ నంబరు నా ఫోన్‌లో ఉంది. జాకెట్ల పని అయింది, మూడింటికి రమ్మని మెసేజ్ పెట్టాను. పిల్ల నాలుగున్నరకి గానీ రాదు, అందుకే మూడన్నాను.

సరిగ్గా మూడింటికి వచ్చాడు. బూట్లు విప్పబోతుంటే, "వద్దు. ఇక్కడే" అన్నాను. కిరాణా సంచీ అందించాను. ఆయన మెట్టు మీద కూర్చుని అందులోవి తీసి పేర్చాడు. పన్నెండు పొడుగువి. పన్నెండు గుండ్రటివి.

"ఇవి ఉంచుకోమని చెప్పాను కదా?"

"మాకు వద్దు. అవీ వద్దు, ఇవీ వద్దు."

"నీ భర్తకి తెలుసా?"

"సాయంత్రం తెలుస్తుంది."

"మీ పెద్దాయనకి?"

"ఆయనకి నువ్వు చెప్పు. కాఫీ ఇస్తాడు."

ఆయన నన్ను మొదటిసారి నిజంగా చూశాడు. అంతవరకూ నేను ఆ మిషన్‌తో పాటు ఉండే వస్తువుని.

"మామూలుగా ఇలాంటప్పుడు జాకెట్లు కూడా తీసుకుంటాం" అన్నాడు. కోపం లేదు. వానొస్తుందేమో అన్నట్టు అన్నాడు.

నాకున్న ఇంగ్లీషంతా పోగేసుకున్నాను. ఈసారి ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పదల్చుకోలేదు.

"జాకెట్లు వాళ్లవి. కుట్లు నావి. నావి నేను తీసేసుకున్నాను."

ఆయన ముక్కలన్నీ సంచీలో వేసుకుని లేచాడు. గుమ్మం పక్కన ధాత్రి వాన బూట్లున్నాయి, పసుపువి, ఒకటి పడిపోయి ఉంది. వంగి దాన్ని నిలబెట్టాడు. దాని జతకి ఆనించి, మడమలు కలిపి పెట్టాడు. "మంచి చెయ్యి నీది" అని వెళ్లిపోయాడు.

అది మంచితనమో, పిల్ల ఉందని నాకు తెలుసు అని చెప్పడమో, ఈరోజుకీ నాకు తెలియదు.

కిరీటి ఆరింటికి వచ్చాడు. కడ్డీ వైపు చూసి బ్యాగు కింద పడేశాడు.

"ఏం చేసినవ్ సరోజా?"

"తీసేసిన. వాళ్లవి వాళ్లకిచ్చేసిన."

"నన్ను అడగవా?"

"అడిగితే వద్దనేటోనివి."

"పదకొండు మంది ముందు ఏ మొహం పెట్టుకోవాలె నేను? పెళ్లాం కొంగు పట్టుకున్నోడంటరు!"

"అననీ."

"అసలు వానితో మాట్లాడనీకి నువ్వెవరు?"

"వానికి మన సంగతంతా చెప్పిందే నేను బావా" అన్నాను. "జూలైల. మూర్తిగారి వీధి, మీ ఆదివారాలు, నీ ఆఫీసు. ఫొటో కాదు, ఫేస్‌బుక్ కాదు. నా నోరే."

కిరీటి కుర్చీలో కూలబడ్డాడు. ధాత్రి మా ఇద్దరి మొహాలూ చూసి, "ఆర్ యూ గైస్ ఫైటింగ్?" అని అడిగింది. వాడు లేచి, ఆ జాకెట్లని మడిచి రెండు పెట్టెల్లో పెట్టాడు. తనది కూడా.

తర్వాత దక్షిణామూర్తి గారు ఫోన్‌లో ఏమేమన్నాడో రాయను. కుక్కని తెచ్చి అందలం ఎక్కిస్తే అన్న సామెత దాకా వచ్చిందని మాత్రం చెబుతాను. మీనాక్షి గారు నాకు కుట్టమని ఇచ్చిన రవిక గుడ్డలు, సగం కుట్టినవి, తిరిగి తీసుకుపోయారు. వాట్సాప్ గుంపులోంచి కిరీటి పేరు పోయింది. తీశారా, వాడే పోయాడా అని నేను అడగలేదు. నాతో తొమ్మిది రోజులు మాట్లాడలేదు. మా వీధిలో ఏ మోటార్‌సైకిల్ నెమ్మదించినా నేను తెర సందులోంచి చూస్తూనే ఉన్నాను. ధాత్రిని బడికి నడిపించే దారి రెండుసార్లు మార్చాను.

*

సెప్టెంబరు మూడో వారంలో మెయిల్ వచ్చింది. పీఆర్ ఫైలులో ఒక ఫారం పాతబడింది, కొత్తగా నింపి పంపమని. శనివారం పొద్దున కిరీటి లాప్‌టాప్ పెట్టుకుని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాడు. అడ్రసులు, ఉద్యోగాలు అన్నీ నింపాడు. ఒకచోట ఆగిపోయాడు.

"ఏంది?"

చదివి తెలుగులో చెప్పాడు. నీకు పద్దెనిమిదేళ్లు నిండినప్పటి నుంచి ఏ సంఘాల్లో ఉన్నావు, వేటికి మద్దతిచ్చావు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా.

నేను పొయ్యి కట్టేసి వచ్చి వాడి వెనక నిలబడ్డాను. ఏమీ లేవు అని కొట్టేయొచ్చు. కొడతాడేమో అనుకున్నాను. వాడు గరుడ రైడర్స్ అని టైప్ చేశాడు. ఊరు కాల్గరీ. మొదలు, జూన్.

"ఎప్పటి దాకా అని వెయ్యను?" తల తిప్పకుండా అడిగాడు.

వాడు గుంపులోంచి బయటికి వచ్చింది నెలాఖరుకి. అది మా ఇద్దరికీ తెలుసు.

"నువ్వే చెప్పు" అన్నాను.

వాడు ఆగస్టు పన్నెండు అని కొట్టాడు. నేను బ్లేడు పట్టిన రోజు.

"ఇగ నీది" అని లాప్‌టాప్ నా వైపు జరిపాడు. "ఇదే ప్రశ్న నీకు కూడా ఉంది."

ఖాళీ గడి తెరిచి ఉంది. సంఘాల్లో నేనెక్కడున్నాను? కానీ పన్నెండు వీపుల మీద ఆల్బెర్టా కుట్టిన చెయ్యి నాదే. ఆ మాట దాస్తే రేపు ఇంకెవరో చెబుతారు. చెబితే రేపు ఇంకెవరో చదువుతారు.

"ఇందుల ఎంత రాయొచ్చు బావా?"

"రెండు లైన్లు పడుతది."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "స్పెల్లింగ్ నువ్వు చెప్పు" అన్నాను. "నేనే కొడతా."